మూత్రకృచ్ఛ్రం: ఒక ఇంటి వైద్యపు కథ

వేసవి వచ్చిందంటే మన యిండ్లలో తరచు వినబడే మాట ఒకటున్నది: "వేడి చేసింది." కళ్లు మండినా వేడే, నోరు పూసినా వేడే, ముక్కు వెంట నాలుగు రక్తపు చుక్కలు రాలినా వేడే. ఈ వేడి చేయడాలలో ఆడవారు గొంతు తగ్గించి చెప్పుకొనేది మరొకటి ఉన్నది. మూత్రవిసర్జన వేళ చురుకు, మంట. మాటిమాటికి వెళ్లవలసి రావడం. వెళ్లినా నాలుగు చుక్కలకంటె రాకపోవడం. పొత్తికడుపులో ఒక విధమైన బరువు. కొత్తకోడలు ఈ సంగతి అత్తవారింట నోరు విప్పి చెప్పదు. పుట్టింటికి వచ్చినప్పుడు తల్లి చెవిన వేస్తుంది. "ఎండన పడి తిరుగుతావు, నీళ్లు తాగవు, వేడి చేయక యేమవుతుందే తల్లీ!" అని ఆ తల్లి మందలించి, రాత్రి ధనియాలు నానవేసి పొద్దున ఆ నీరు వడగట్టి యిస్తుంది. సబ్జా గింజలు, పలుచని మజ్జిగ, బార్లీ జావ, లేత కొబ్బరినీరు వరుసగా వస్తాయి. అప్పటికీ తగ్గకపోతే చేనిగట్టున పల్లేరుకాయలు ఏరించి తెచ్చి, దంచి, కషాయం కాస్తుంది. సాధారణంగా మూడు నాలుగు రోజులలో మంట తగ్గుతుంది. ఒక్కొక్కప్పుడు మాత్రం తగ్గదు. ఆ తగ్గని సందర్భంలో ఏం జరుగుతుందన్నదే ఈ ప్రసంగంలో అసలు ప్రశ్న. దానికి సమాధానం తెలియాలంటే ఈ యింటి వైద్యం ఎక్కడ పుట్టి, ఏయే దారుల వెంట మన వంటయింటికి చేరిందో ఒకసారి వెనుదిరిగి చూడవలసి ఉంటుంది.

ఈ బాధకు మన పూర్వులు పెట్టిన పేరు మూత్రకృచ్ఛ్రం. కృచ్ఛ్రమంటే కష్టం. మూత్రం అసలే నిలిచిపోతే అది మూత్రాఘాతం. రాయి ఏర్పడితే అశ్మరి. మాధవనిదానం ఈ మూడింటిని మూడు వేర్వేరు అధ్యాయాలలో వర్ణించింది. కాని ఈ శాస్త్రవిభాగాలన్నిటికంటె పురాతనమైన సాక్ష్యం అథర్వవేదంలో ఉన్నది. అందులో మొదటి కాండలోని ఒక చిన్న సూక్తం మూత్రం బిగిసిన రోగికోసం ఉద్దేశింపబడినది. వైద్యుడు అక్కడ శరమనే రెల్లుజాతి గడ్డిని పేరు పెట్టి పిలుస్తాడు. వానదేవుడైన పర్జన్యుడు ఆ గడ్డికి తండ్రి అంటాడు. చెరువుకట్ట తెగి నీరు వెలువడినట్లుగా లోపల నిలిచినది వెలువడాలని కోరుతాడు. అది మంత్రమే, మందు కాదు. అయినా చెరువులు, కట్టలు, తూములు ఎరిగిన మన తెలుగువారికి ఆ పోలిక వింతగా తోచదు. నీటిలో పుట్టి, నీటితో పెరిగే గడ్డి, నీరు నిలిచిపోయిన దేహానికి విడుదల నివ్వాలన్న ఊహ సుమారు మూడువేల ఏండ్లనాడే ఉండెనన్నమాట.

మంత్రంలోని ఆ గడ్డి తరువాతి కాలంలో కషాయంలోకి దిగింది. వాగ్భటుని అష్టాంగహృదయంలో తృణపంచమూలం అనే యోగం ఉన్నది. దర్భ, రెల్లు, చెరకు, శరం, వరి — ఈ అయిదింటి వేళ్లు. అయిదూ గడ్డిజాతులే. సుశ్రుతుని జాబితా కొంచెం వేరుగా ఉన్నా కుటుంబం అదే. చరకసంహిత సూత్రస్థానంలో పదేసి ఓషధుల చొప్పున కూర్చిన 50 కషాయవర్గాలున్నాయి. వాటిలో మూత్రాన్ని వెలువరించేవి ఒక వర్గం. దర్భ, కుశ, కాశాలతోపాటు శ్వదంష్ట్ర, పాషాణభేదం అందులో కనబడతాయి. శ్వదంష్ట్ర అంటే కుక్కకోర. కాలికి గుచ్చుకొన్న పల్లేరుముల్లును ఎరిగినవారికి ఆ పేరు ఎంత తగినదో వేరుగా చెప్పనక్కరలేదు. గోక్షురమన్నా అదే. ఎవరూ నాటని, ఎవరూ నీరు పోయని ఆ ముండ్లతీగ మెట్టచేలలోను, బాటల ప్రక్కన కూడా పాకుతూ ఉంటుంది. డబ్బు పెట్టి కొననక్కరలేని మందు కనుకనే అది రాజవైద్యుని పెట్టెలోనూ, పేదరాలి మట్టికుండలోనూ సమానంగా నిలిచింది.

పాషాణభేదం కథ మరొక విధంగా రుచికరమైనది. రాతిని పగులగొట్టేదని ఆ పేరుకు అర్థం. ఉత్తరదేశపు వైద్యులు ఆ పేరుతో వాడేది హిమాలయపు కొండసందులలో పెరిగే మొక్క. అది తెలుగునాట దొరకదు. మనవారు ఊరకుండక, పొలాలలో విరివిగా పెరిగే కొండపిండి ఆకును ఆ స్థానంలో నిలిపారు. కొండను సైతం పిండి చేయగలదని దానికా పేరు. గ్రంథం ఒక దేశానిది, మొక్క మరొక దేశానిది. నడుమ ఉన్నది స్థానిక వైద్యుని వివేకం. సంస్కృత శ్లోకాల నడుమ తెలుగును కలుపుకొని సాగిన బసవరాజీయం వంటి గ్రంథాలు ఈ ప్రాంతపు వైద్యులకు చేతిపుస్తకాలయ్యాయి. అంతకంటె ఎక్కువ భాగం చేతికి అందిన ఆకుతో, నోటికి అందిన మాటతో తల్లి నుండి కూతురికి సంక్రమించింది.

ఇక్కడ కషాయం కాచే పద్ధతిని కొంచెం గమనించాలి. ఒక పాలు మందును నలగగొట్టి, పదహారు పాళ్లు నీరు పోసి, మట్టిపాత్రలో కాచి, ఎనిమిదవ వంతు మిగిలేదాకా మరగించుమని శార్ఙ్గధరుడు విధించాడు. అంతసేపు మరిగిన నీటిలో క్రిమి బ్రతకదు. ఆ సంగతి ఆనాటి వారికి తెలియదు. తెలియకుండానే చెరువునీరు తాగే ఊళ్లలో రోగికి శుద్ధమైన నీరు దొరికింది. ధనియాలనీరు, బార్లీజావ, మజ్జిగ, కొబ్బరినీరు — వీటన్నిటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. రుచులు వేరు, పేర్లు వేరు. కాని వాటిలో అత్యధిక భాగం నీరే. రోగి వట్టినీరు తాగదు; మందు అంటే తాగుతుంది. మన పూర్వుల యింటి వైద్యంలో నీరు ఎన్నో వేషాలు వేసిందని నాకు తోస్తుంది.

అయితే చరకుడు చెప్పినది మందుల జాబితా మాత్రమే కాదు. మూత్రకృచ్ఛ్రాన్ని ఆయన చికిత్సాస్థానంలో ఏ అధ్యాయంలో చేర్చాడో చూడండి. దాని పేరు త్రిమర్మీయం. శిరస్సు, హృదయం, వస్తి — ప్రాణానికి ఆటపట్టులైన మూడు మర్మాలు. తలతోను గుండెతోను సమానంగా మూత్రాశయాన్ని కూర్చోబెట్టిన వైద్యుడు ఈ వ్యాధిని చిన్నదిగా తలచాడనుకోలేము. మరొకచోట, ఆపగూడని దేహవేగాలు 13 అని లెక్కించి, వాటిలో మొట్టమొదట మూత్రవేగాన్నే పేర్కొన్నాడు. ఆపితే వస్తిలో నొప్పి, మూత్రకృచ్ఛ్రం కలుగుతాయని హెచ్చరించాడు. పల్లేరుకషాయాన్ని మనం మరువలేదు; ఈ హెచ్చరికను మాత్రం మరిచాము. దాని సంగతి తిరిగి చెప్పుకొందాము.

మన దేశానికి వచ్చిన ఇతర వైద్యాలు కూడ ఈ దారినే నడిచాయి. హైదరాబాదులో తరతరాలుగా ఆదరణ పొందిన యూనానీ వైద్యంలో షర్బతె బజూరీ అనే పానీయం ఉన్నది. బజూరీ అంటే గింజలది. దోస, ఖర్బూజా వంటి చలువగింజలతో కాచే పాకం అది. నీటిలో కలిపి తాగుతారు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు వైట్‌లా ఐన్‌స్లీ మద్రాసులో ఉండి, ఈ దేశపు మందుదినుసులను అరవం, తెలుగు, హిందుస్తానీ, సంస్కృత నామాలతో సహా వ్రాసుకొని 1813లో ఒక గ్రంథం, దానిని పెంచి 1826లో మరొకటి ప్రకటించాడు. మద్రాసు వైద్యుడే అయిన మొహిదీన్ షరీఫ్ 1869లో భారత ఔషధకోశానికి అనుబంధం వ్రాసి, దేశభాషల పేర్లను సవరించి పట్టికలు కూర్చాడు. ఇట్లు మన పెరటి మొక్కలు ఇంగ్లీషు గ్రంథాల కెక్కాయి. అటునుండి ఇటు వచ్చినది బార్లీజావ అలవాటు. యవలు మనకు కొత్త కాదు. యవలమొక్కను కాల్చిన బూడిదనుండి తీసిన యవక్షారాన్ని ఆయుర్వేదం ఈ వ్యాధిలోనే వాడింది. అందులో పొటాసియం లవణాలుంటాయి. దొరల ఆసుపత్రిలో సీసాలో పోసి యిచ్చిన పొటాసియం సిట్రేట్ మిక్శ్చరు కూడ ఆ జాతి మందే. మూత్రపు పులుపును విరిచి మంట తగ్గించాలన్నదే రెండింటి ఉద్దేశం.

ఇక్కడ ఒక చేదుమాట కూడ చెప్పక తప్పదు. జావానుండి వచ్చే చలవమిరియాలను, మన చందనతైలాన్ని 19వ శతాబ్దిలో యూరపు వైద్యులు మూత్రపు మంటకు విరివిగా వాడారు. వారు ముఖ్యంగా వాడినది స్త్రీపురుష సంపర్కం వల్ల వచ్చే సెగరోగానికి. సెగ అన్నా వేడి అనే అర్థం. ఆ రోగంలోనూ మూత్రం మండుతుంది. సామాన్యమైన మూత్రాశయపు వాపులోనూ మండుతుంది. ఒకే లక్షణం, రెండు వేర్వేరు వ్యాధులు. 1879లో ఆల్బర్ట్ నైసర్ సెగరోగపు క్రిమిని గుర్తించేవరకు ఈ రెండింటినీ నిశ్చయంగా వేరుపరచే ఉపాయం లేదు. అందువల్ల ఏ పాపం ఎరుగని ఇల్లాలు కూడ తన బాధ చెప్పుకొంటే లోకం ఏమనుకొంటుందో అని నోరు మూసుకొన్నది. నైసర్ కనుగొని శతాబ్దంన్నర కావస్తున్నా ఆ సిగ్గు మాత్రం ఇంకా వదలలేదు. ఈ వ్యాధిలో మందుకంటె ముందు తొలగవలసినది ఆ సిగ్గే.

వేడి అన్న మాటకు అసలు సమాధానం జర్మన్ మాటాడే దేశాలనుండి వచ్చింది. 1885లో థియొడోర్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు మ్యూనిక్ నగరంలో శిశువుల మలంలో కడ్డీవంటి ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది ప్రతివారి ప్రేగులలోనూ ఉండేదే. తరువాతి కాలంలో ఆయన పేరుమీదనే దానికి ఎషెరిషియా కోలై అని పేరు వచ్చింది. 1894లో ఆయనే, మూత్రాశయపు వాపుతో బాధపడే ఆడపిల్లల మూత్రంలో ఆ క్రిమినే చూసి ప్రకటించాడు. ప్రేగులలో ఉన్నంతకాలం నిరపాయంగా కాపురముండే జీవి, చోటు తప్పి మూత్రమార్గంలోకి వస్తే వ్యాధి కలిగిస్తుందని తేలింది. నేటికీ ఈ వ్యాధికి అధికభాగం కారణం ఆ క్రిమే. పురుషునిలో మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్ల పొడవు. స్త్రీలో సుమారు 4 సెంటీమీటర్లే. దారి పొట్టిది గనుక క్రిమి తేలికగా పైకెక్కుతుంది. స్త్రీలలో సుమారు సగం మందికి జీవితంలో ఒకసారైనా ఈ బాధ వస్తుందంటే అది దేహనిర్మాణం వల్ల వచ్చే కష్టమే గాని నడవడిలోని దోషం కాదు.

అయితే వేసవిలో ఈ బాధ హెచ్చుగా వినబడడానికి కారణమేమిటి? ఎండలో దేహంలోని నీరు చెమటగా పోతుంది. మూత్రం తక్కువగా, చిక్కగా తయారవుతుంది. మూత్రాశయం చాలసేపటిదాకా ఖాళీ కాదు. అనుకూలమైన చోట ఈ క్రిమి 20 నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. పారేకాలువలో నాచు నిలువదు, నిలిచినగుంటలో పట్టుకొంటుంది. అమ్మమ్మలు వేడి అని పేరు పెట్టినా, వారు చూపిన మార్గం కాలువను పారించడమే. నిదానం తప్పింది, ఉపాయం చాలవరకు కుదిరింది.

ఎషెరిక్ ఆ క్రిమిని చూపిన 1894లోనే ఆర్థర్ నికొలయేర్ అనే జర్మన్ వైద్యుడు హెక్సమిన్ అనే మందును ఈ వ్యాధికి ప్రవేశపెట్టాడు. పులుపైన మూత్రంలో అది విడిపోయి ఫార్మల్డిహైడ్‌ను పుట్టించి క్రిములను చంపుతుంది. 1935లో గెర్హార్డ్ డోమాక్ ప్రాంటొసిల్‌ను ప్రకటించడంతో సల్ఫా మందుల యుగం మొదలయింది. ఈ వరుసలో ఒక తెలుగువాని పేరు చెప్పుకోవలసి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా ఉన్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను సాధించాడు. 1948లో అది లోకానికి వెల్లడయింది. పెన్సిలిన్‌కు లొంగని అనేక క్రిములమీద, మూత్రమార్గపు క్రిములతో సహా, అది పనిచేసింది. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు. 1953లో అమెరికాలో అనుమతి పొందిన నైట్రోఫ్యూరాంటాయిన్ ఏడు దశాబ్దాలు గడిచినా నేటికీ సామాన్యమైన మూత్రాశయపు వ్యాధికి వైద్యులు మొదట తలచే మందులలో ఒకటి.

మూత్రాన్ని పరీక్షించడం మనవారికి కొత్త కాదు. మూత్రంలో నూనెచుక్క వేసి అది పరచుకొనే తీరును చూసే తైలబిందు పరీక్షను యోగరత్నాకరం వర్ణించింది. అమెరికాలో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు 1956లో ఆ చూపును లెక్కగా మార్చాడు. ఒక మిల్లీలీటరు మూత్రంలో లక్షకు పైగా క్రిములుంటే అది వ్యాధికి గుర్తు అని ఆయన కొలత. తరువాత ఆయన పరిశోధనలే మరొక రహస్యాన్ని వెల్లడించాయి. గర్భిణీస్త్రీల మూత్రంలో ఏ మంటా లేకుండానే క్రిములు ఉండవచ్చు. మందు వాడకపోతే వారిలో కొందరికి వ్యాధి మూత్రపిండాలకు ఎక్కుతుంది. గర్భిణులకు మొదటి నెలలలోనే మూత్రపరీక్ష చేయడం వెనుక ఉన్న కారణం ఇదే.

కొత్త మందులు వచ్చిన తరువాత ఇంటి మందులు ఏమయ్యాయి? వాటిని కొట్టివేయక, పూజించక, పరీక్షకు నిలబెట్టిన వారున్నారు. ఆ ఫలితాలు మనం తెలుసుకోదగినవి.

మొదట నీరు. నీరు తక్కువగా తాగుతూ, తరచు ఈ బాధకు గురయ్యే 140 మంది స్త్రీలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గం వారిచేత దినానికి లీటరున్నర నీరు అదనంగా తాగించారు. ఏడాదిలో వారికి సగటున 1.7 సార్లు వ్యాధి వచ్చింది. మామూలుగా ఉన్నవారికి 3.2 సార్లు. 2018లో ప్రకటితమైన ఈ పరీక్ష మన అమ్మమ్మలకు దక్కిన యోగ్యతాపత్రం వంటిది.

తరువాత అమెరికావారి క్రాన్‌బెర్రీ. 1914లో బ్లాథర్‌విక్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పండు మూత్రాన్ని పులియజేస్తుందని చూపాడు. క్రిములు మూత్రాశయపు గోడకు అంటుకోకుండా అది అడ్డుపడుతుందని 1984లో మరొక ఊహ బలపడింది. అనేక పరీక్షలను తూచి చూసే కాక్రేన్ సంస్థ 2012లో దానివల్ల లాభం పెద్దగా లేదన్నది. 2023లో 50 పరీక్షలను, 8,857 మందిని కలిపి చూసి, తరచు వ్యాధి వచ్చే స్త్రీలలో అది సుమారు నాలుగవ వంతు తగ్గిస్తుందని తీర్పు మార్చుకొన్నది. అదికూడ రాకుండా కాపాడడానికే గాని, వచ్చినదానిని పోగొట్టడానికి కాదు. మన వాక్కాయను భారతదేశపు క్రాన్‌బెర్రీ అని కొందరు అంటారు. పులుపులో పోలికే గాని రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు. ఒకదానికి జరిగిన పరీక్ష మరొకదానికి చెల్లదు. వాక్కాయ పచ్చడికి ఈ బిరుదు అక్కరలేదు; దాని రుచి దానికున్నది.

మూడవది హెచ్చరిక. యూరపు పల్లెలలో మన పల్లేరువలె పేరుపడిన ఆకు ఉవా ఉర్సీ. ఎలుగుబంటి ద్రాక్ష అని దాని అర్థం. జర్మనీలో 398 మంది స్త్రీలమీద జరిగి 2021లో ప్రకటితమైన పరీక్షలో కొందరికి ఆ ఆకు, కొందరికి యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆకు తీసుకొన్నవారిలో చాలమందికి యాంటీబయాటిక్ అక్కరలేకపోయింది. ఇది శుభవార్తే. కాని వ్యాధి మూత్రపిండాలకు ఎక్కినవారు ఆకు వర్గంలో 8 మంది, మందు వర్గంలో ఇద్దరు. మానోజ్ అనే చక్కెరపొడి కూడ ఈ వ్యాధికి విరివిగా అమ్ముడుపోతున్నది; 2024లో బ్రిటనులో 598 మందిమీద జరిగిన పరీక్షలో దానివల్ల ఏ మేలూ కనబడలేదు. ఇక మరుగునపడిన 1894 నాటి హెక్సమిన్, తరచు వ్యాధి వచ్చేవారికి రోజూ ఇచ్చే యాంటీబయాటిక్‌కు బదులుగా నిలువగలదని 2022లో బ్రిటిష్ వైద్యులు చూపారు. పాతదైనంత మాత్రాన మంచిదీ కాదు, చెడ్డదీ కాదన్నది దీనివల్ల తేలుతున్నది.

ఈ పరీక్షలు చేయవలసిన అవసరం ఎందుకు కలిగింది? యాంటీబయాటిక్‌లను అడ్డూ ఆపూ లేకుండా వాడినందువల్ల క్రిములు వాటికి అలవాటు పడిపోతున్నవి. దుకాణంలో అడిగి రెండు మాత్రలు వేసుకొని, మంట తగ్గగానే మానివేసే అలవాటు మన దేశంలో ఎంత ఉన్నదో శ్రోతలకు తెలియనిది కాదు. ఒకప్పుడు తేలికగా లొంగిన క్రిమి నేడు అనేక మందులకు లొంగడం లేదు. కనుక నీటితో ఆపగలిగినదానిని నీటితో ఆపడం ఇప్పుడు పాతకాలపు మాట కాదు. రేపటికోసం మందును దాచుకొనే ఉపాయం.

కాని కషాయానికి ఒక గడువు ఉన్నది. మొదట అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడే. మంట తగ్గని సందర్భంలో క్రిమి మూత్రాశయంనుండి పైకి, మూత్రపిండాలకు ఎక్కవచ్చు. వణుకుతో జ్వరం, నడుము పైభాగంలో ఒక ప్రక్క నొప్పి, వాంతులు — ఇవి దాని గుర్తులు. ఆ దశలో అక్కడినుండి క్రిమి రక్తంలో ప్రవేశిస్తే ప్రాణానికే ముప్పు. "మరికొంచెం వేడి చేసింది" అని మరొక గ్లాసు ధనియాలనీరు ఇచ్చే సమయం అది కాదు. ఆనాడే వైద్యుని చెంతకు చేర్చే సమయం. మూత్రంలో రక్తం కనబడినా, రోగి గర్భిణి అయినా, పసిబిడ్డ అయినా, మధుమేహం ఉన్నవారైనా, పురుషుడైనా, జ్వరం కోసం ఎదురుచూడకుండానే చూపించాలి. తక్కినవారిలోనైనా రెండు రోజులలో తగ్గుముఖం పట్టకపోతే మూత్రపరీక్ష చేయించాలి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా అధికంగా నీరు తాగడం, కొబ్బరినీరు, క్షారాలు పుచ్చుకోవడం కూడ ప్రమాదమే. కొబ్బరినీటిలో పొటాసియం హెచ్చు. పల్లేరుకు మూత్రాన్ని పెంచే గుణం ఎలుకలమీద జరిగిన పరీక్షలలో కనబడిన మాట నిజం. మూత్రపిండానికెక్కిన క్రిమిని అది దించగలదని చెప్పే ఆధారం మాత్రం లేదు.

ఇక మనం మరిచిపోయిన హెచ్చరిక. వేగాన్ని ఆపగూడదని చరకుడు చెప్పాడు. ఆపుకొనేది ఎవరు? బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేదని పొద్దుటినుండి సాయంకాలందాకా ఉగ్గబట్టుకొనే ఆడపిల్ల. చాటు లేని పొలంలో రోజంతా కలుపుతీసే కూలితల్లి. దూరప్రయాణపు బస్సులో దిగే చోటు దొరకదని గొంతు తడుపుకోకుండా కూర్చున్న ఇల్లాలు. ఇంటినిండా చుట్టాలుండగా పనివదలి లేవలేని కోడలు. వీరు చేసేది రెండు పనులు: మూత్రం ఆపుకోవడం; ఆపుకోవలసి వస్తుందని నీరే మానివేయడం. కాలువకు పైన నీరు కట్టివేసి, కింద తూము బిగించడం వంటిది ఇది. ఇట్టి జీవితానికి ఏ పల్లేరుకషాయం సరిపోతుంది? వీరి వ్యాధికి మందులో సగం గృహవైద్యంలో లేదు. తలుపు, గడియ, నీళ్లతొట్టి ఉన్న ఒక చిన్నగదిలో ఉన్నది. ఆ గదిని ఇంట్లోనూ, బడిలోనూ, పనిచోటనూ ఏర్పరచడం పురుషుల బాధ్యత కూడ.

శరగడ్డిని పిలిచిన ఆ ప్రాచీన వైద్యునినుండి ఎషెరిక్ సూక్ష్మదర్శినిదాకా సాగిన ఈ కథలో మనకు మిగిలినది కొద్దిమాటలలో చెప్పవచ్చును. కుండలోని నీరు మంచి మందు. దానిని వ్యాధి రాకముందే తాగాలి. అమ్మ కాచిన కషాయం మంచి తోడు. అది ఒకటి రెండు రోజుల తోడు. జ్వరం వచ్చిందంటే ఆ తోడును ఇంటనే విడిచి వైద్యుని ఇంటికి నడవాలి. వీటన్నిటికి ముందు, గొంతు తగ్గించి చెప్పుకొనే ఆ మాటను ఇంట్లోవారు వినాలి. ఈసారి మీ ఇంట్లో ఏ అమ్మాయి అయినా "వేడి చేసిందమ్మా" అని మెల్లగా అన్నప్పుడు, నీరు అందివ్వండి, అందిస్తూనే "జ్వరమేమైనా ఉన్నదా, నడుము నొప్పా?" అని ఒక్కమాట అడగండి.